బ్యాడ్ న్యూస్ ఆట: సగం పాఠం చాలా బాగా చెబుతుంది

ఈ ఆటలో నాకు మొదటి దెబ్బ తగిలింది అబద్ధం చెప్పినందుకు కాదు, మరీ పెద్ద అబద్ధం చెప్పినందుకు. స్క్రీన్ మీద ఒక పక్కన ఫాలోవర్ల సంఖ్య ఉంటుంది, మనల్ని జనం ఎంత నమ్ముతున్నారో చూపించే మీటర్ ఉంటుంది. ఉన్న ఆప్షన్లలో ఎక్కువ సంచలనంగా కనిపించినదాన్ని నొక్కాను. మీటర్ కిందికి జారింది. తర్వాతి మలుపులో కొంచెం తగ్గి, వినేవాళ్లు ముందునుంచే అనుమానిస్తున్న సంగతికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకున్నాను. మీటర్ లేచింది. ఫాలోవర్లు పెరిగారు.

పద్దెనిమిదేళ్లు పత్రిక డెస్క్‌లో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. రాజకీయ నాయకుల మీద ఒక ఆరోపణ ఊరంతా నిప్పులా పాకడం, దానికి పదింతలు ఘోరమైన ఇంకో ఆరోపణ ఏడో పేజీలో పడి మర్నాటికి ఎవరికీ గుర్తులేకుండా పోవడం ఎన్నోసార్లు చూశాను. ఎందుకలా అని ఎవరైనా అడిగితే అప్పట్లో సరైన జవాబు ఇవ్వలేకపోయేదాన్ని. ఆ మీటర్ జారడం, లేవడం చూశాక జవాబులో ఒక ముక్క దొరికినట్టనిపించింది. మిగతా ముక్కలు ఈ ఆటలో లేవు. ఆ రెండింటి గురించే ఈ రివ్యూ.

ముందు ఆట సంగతి. పేరు బ్యాడ్ న్యూస్. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, డ్రాగ్ అనే నెదర్లాండ్స్ సంస్థ కలిసి తయారుచేసి 2018 ఫిబ్రవరిలో విడుదల చేశారు. డౌన్‌లోడ్ అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు, బ్రౌజర్‌లో తెరిస్తే చాలు. పావుగంట, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఇందులో మనం తప్పుడు వార్తలు పుట్టించే మనిషి పాత్ర వేస్తాం. కోపంతో ఒక పోస్టు పెట్టడంతో మొదలై, సొంత వార్తల సైట్ నడిపేదాకా వెళతాం. దారిలో ఆరు బ్యాడ్జీలు గెలవాలి: వేరొకరి వేషం వేయడం, భావోద్వేగం రెచ్చగొట్టడం, జనాన్ని రెండుగా చీల్చడం, కుట్ర కథ అల్లడం, ప్రశ్నించినవాళ్ల పరువు తీయడం, చివరికి ట్రోలింగ్. మోసగాడి చెయ్యి ఎలా కదులుతుందో మన చెయ్యితోనే కదిపించి చూపిస్తుంది. వ్యాక్సిన్ లాంటి ఆలోచన ఇది. బలహీనం చేసిన వాదాన్ని ముందే కాస్త రుచి చూపిస్తే, అసలు దాడి వచ్చినప్పుడు మనసు తట్టుకుంటుందని విలియం మెగ్వైర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల్లోనే ప్రతిపాదించాడు.

నేను ఒంటరిగా ఒకసారి ఆడాను. తర్వాత మా నాన్నతో కూర్చుని ఆడాను. ఆయనకి డెబ్బై ఆరేళ్లు, రోజూ మూడు పేపర్లు చదువుతారు, ఫోన్లో వచ్చే ఫార్వర్డ్‌లు కూడా వదలరు. ఆట ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఒక్కో ఆప్షన్ నేను తెలుగులో చెబుతుంటే ఆయన ఎంచుకునేవారు. ఒక మలుపు దగ్గర ఆయన మూడు ఆప్షన్లూ విని, "అమ్మాయ్, మొదటిది ఎవడూ నమ్మడు. రెండోది నొక్కు" అన్నారు.

"రెండోది ఎందుకు నాన్నా?"

"అది వాళ్ల మనసులో ఇప్పటికే సగం ఉంది. మిగతా సగం మనం అందిస్తే చాలు."

మీటర్ ఆయన చెప్పినట్టే లేచింది. మనిషి దిగ్భ్రాంతి చెందే వార్తని నమ్ముతాడా లేదా అన్నది ఆ వార్త ఎంత పెద్దదన్న లెక్కతో తేలదు. వినేవాడి మనసులో దానికి ముందే ఖాళీ కుర్చీ వేసి ఉందా లేదా అన్నదాంతో తేలుతుంది. నచ్చే మాట వింటే "దీన్ని నమ్మడానికి ఏమైనా ఆధారం ఉందా" అని వెతుకుతాం, ఒకటి దొరికితే ఆగిపోతాం. నచ్చని మాట వింటే "దీన్ని కొట్టిపారేయడానికి ఏమైనా దారి ఉందా" అని వెతుకుతాం, అదీ ఒకటి దొరికితే ఆగిపోతాం. రెండుసార్లూ వెతికాం కాబట్టి మనం న్యాయంగానే ఉన్నామని అనుకుంటాం. ఆట ఈ సంగతిని ఉపన్యాసం లేకుండా, ఒక మీటర్‌తో చెప్పింది. అందుకు నాకు దీని మీద నిజమైన గౌరవం.

భావోద్వేగం బ్యాడ్జీ గెలిచినప్పుడు నాకు ఒక పాత సంగతి గుర్తొచ్చి నాన్నకి చెప్పాను. 1990 అక్టోబర్ 10న అమెరికా కాంగ్రెస్ సభ్యుల మానవ హక్కుల బృందం ముందు నయీరా అనే పదిహేనేళ్ల అమ్మాయి కన్నీళ్లతో సాక్ష్యం చెప్పింది. అప్పటికే ఇరాక్ ఆక్రమించుకున్న కువైట్‌లో ఇరాక్ సైనికులు ఆసుపత్రిలోకి వచ్చి, ఇంక్యుబేటర్లలోంచి పసిబిడ్డల్ని తీసి చల్లటి నేల మీద పడేసి వెళ్లారని, తాను కళ్లారా చూశానని చెప్పింది. అధ్యక్షుడు బుష్ ఆ కథని మళ్లీ మళ్లీ చెప్పాడు. సెనెటర్లు తమ ప్రసంగాల్లో వాడుకున్నారు. 1991 జనవరిలో ఇరాక్ మీద యుద్ధానికి అనుమతిస్తూ సెనేట్ 52కి 47 ఓట్లతో తీర్మానించింది. ఆ తర్వాత, 1992లో, ఆ అమ్మాయి అమెరికాలో కువైట్ రాయబారి కూతురని, ఆ సాక్ష్యం వెనక ఒక పబ్లిక్ రిలేషన్స్ సంస్థ ప్రచారం ఉందని బయటపడింది. ఇంక్యుబేటర్ల కథకి ఆధారం దొరకలేదు. ఇరాక్ సైన్యం కువైట్‌లో చేసిన ఘోరాలు మాత్రం నిజంగానే ఉన్నాయి. ఆ నిజాలకంటే ఈ కథ ఎక్కువ దూరం వెళ్లింది.

ఎందుకు వెళ్లింది? ఒక ముఖం ఉంది. కన్నీళ్లున్నాయి. పసిబిడ్డ ఉంది, చల్లటి నేల ఉంది. వినగానే కళ్లముందు బొమ్మ కడుతుంది. ఇరాక్ అధ్యక్షుడు సద్దాం క్రూరుడని అందరికీ అప్పటికే తెలుసు, కాబట్టి కుర్చీ సిద్ధంగా ఉంది. ఇంకో మాట, నా దృష్టిలో ముఖ్యమైన మాట: టీవీ ముందు కూర్చుని దాన్ని నమ్మినవాళ్లకి ఆ నమ్మకం వల్ల ఏ ఖర్చూ లేదు. తమ నాయకుణ్ణి వదులుకోనక్కర్లేదు. తాము ఇన్నాళ్లూ పొరబడ్డామని ఒప్పుకోనక్కర్లేదు. కోపం తెచ్చుకుంటే చాలు.

ఈ ఖర్చు సంగతి ఆటలో ఎక్కడా లేదు. నాకు ఇది సగం పాఠం అనిపించడానికి కారణం అదే. అబద్ధాన్ని నమ్మించడం ఎలాగో ఆరు బ్యాడ్జీల్లో నేర్పిస్తుంది. నిజం ఎదురుగా వచ్చి నిలబడినా జనం పక్కకి ఎందుకు చూస్తారన్నది దాని పరిధిలో లేదు. కానీ రాజకీయాల్లో ఎక్కువ నష్టం జరిగేది అక్కడే.

యాన్ కార్‌స్కీ అనే పోలండ్ దూత కథ డెస్క్‌లో ఉన్న రోజుల్లో చదివాను. అప్పటినుంచి నన్ను వదల్లేదు. 1942లో అతను, నాజీలు యూదుల్ని బంధించి ఉంచిన వార్సా ఘెట్టోలోకి దొంగచాటుగా వెళ్లాడు. అక్కడ యూదుల్ని ఏం చేస్తున్నారో చూశాడు. వాళ్లని తరలించే ఒక శిబిరంలోకి కూడా మారువేషంలో వెళ్లాడు. 1943 జూలైలో వాషింగ్టన్‌లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ ముందు కూర్చుని చూసిందంతా చెప్పాడు. ఫ్రాంక్‌ఫర్టర్ స్వయంగా యూదుడు. అంతా విని, తాను దీన్ని నమ్మలేకపోతున్నానన్నాడు. పక్కనే ఉన్న పోలండ్ రాయబారి నొచ్చుకుని అడ్డుపడితే, ఈ యువకుడు అబద్ధం చెబుతున్నాడని తాను అనలేదని, నమ్మడం తన వల్ల కావడంలేదని మాత్రమే అన్నానని వివరించాడు. ఆ తేడా చూడండి. సాక్షి మీద అనుమానం లేదు. సాక్ష్యంలో లోపం లేదు. దాన్ని లోపలికి రానిస్తే ఆ తర్వాత మామూలుగా బతకడం కుదరదు. మనసు గడియ పెట్టేసుకుంది.

దీని వెనక ఇంకో పొర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు చనిపోయిన సైనికుల శవాల నుంచి కొవ్వు తీసే ఫ్యాక్టరీ నడుపుతున్నారని 1917లో బ్రిటిష్ పత్రికలు రాశాయి. అది అబద్ధమని 1925లో బ్రిటన్ ప్రభుత్వం దాదాపు ఒప్పుకుంది. ఒకసారి అలా మోసపోయిన తరం, రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల నిజమైన మరణ శిబిరాల వార్తలు వచ్చినప్పుడు, "మళ్లీ అదే రకం కథ" అనుకుంది. ఒక అబద్ధం తాను చెడగొట్టిన రోజుతో ఆగదు. పాతికేళ్ల తర్వాత రాబోయే ఒక నిజం నోరు కూడా ముందే నొక్కేస్తుంది. ఇది చెప్పినప్పుడు నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

పరువు తీసే బ్యాడ్జీ దగ్గర మాత్రం ఆట నిజ జీవితానికి చాలా దగ్గరగా వచ్చింది. మన సైట్ తప్పులు ఎవరో ఎత్తిచూపుతారు. జవాబు చెప్పాలా, ఆ మనిషి మీదే బురద చల్లాలా అని ఆట అడుగుతుంది. బురద చల్లితే గెలుస్తాం. నొక్కుతుంటే నా వేలు బరువెక్కింది, ఎందుకంటే మార్తా మిచెల్ విషయంలో జరిగింది ఇదే. అప్పటి అమెరికా అధ్యక్షుడు నిక్సన్ దగ్గర అటార్నీ జనరల్‌గా పనిచేసిన జాన్ మిచెల్ భార్య ఆమె. 1972 జూన్‌లో వాటర్‌గేట్ భవనంలోని ప్రతిపక్ష పార్టీ ఆఫీసులోకి నిక్సన్ ప్రచార బృందం తరఫున చొరబడ్డ దొంగలు పట్టుబడిన కొద్దిరోజులకే ఒక విలేకరికి ఫోన్ చేసింది. మాట మధ్యలోనే లైన్ తెగిపోయింది. తనను కాలిఫోర్నియా హోటల్ గదిలో బంధించారని, బలవంతంగా మత్తు సూది వేశారని తర్వాత చెప్పింది. తాగుబోతు అన్నారు, పిచ్చిది అన్నారు. అదే ఏడాది నవంబర్‌లో నిక్సన్ 50 రాష్ట్రాల్లో 49 గెలిచాడు. దొంగతనం వార్త, దాని వెనక డబ్బు వార్త అప్పటికే పత్రికల్లో వచ్చాయి, అయినా ఎన్నిక మీద వాటి ప్రభావం కనిపించలేదు. 1975లో, వాటర్‌గేట్ దొంగల్లో ఒకడైన జేమ్స్ మెకార్డ్, ఆమెను నిర్బంధించారన్నది నిజమేనని చెప్పాడు. నిజం చెప్పినవాళ్లని మతిభ్రమించినవాళ్లుగా పొరబడటానికి మానసిక వైద్యంలో ఆమె పేరే పెట్టారు.

"మరి తర్వాత జనం ఎలా నమ్మారు?" అని నాన్న అడిగారు.

1973 మే నుంచి సెనేట్ విచారణ టీవీలో రోజూ వచ్చింది. ఆ జూలైలో, అధ్యక్షుడి గదిలో మాటలన్నీ టేపుల్లో రికార్డవుతున్నాయని ఒక పాత ఉద్యోగి ఆ విచారణలోనే బయటపెట్టాడు. అంతవరకూ అది ఎవరో ఎవరినో అంటున్న మాట. ఆ రోజు నుంచి, వినడానికి వీలున్న ఒక గొంతు ఎక్కడో ఉందని ప్రతివాళ్లకీ తెలిసిపోయింది. ప్రతిపక్షం ఎంత గోల పెట్టినా కదలని మనిషి, తనవైపు మనిషి నోరు విప్పితే కదులుతాడు. అప్పుడు నమ్మడానికి పెట్టాల్సిన ఖర్చు కాస్త తగ్గుతుంది. పార్టీ మారినట్టు కాదు, తన పార్టీ మనిషి మాట విన్నట్టే. 1974 ఆగస్టు 9న నిక్సన్ దిగిపోయాడు.

పనామా పత్రాలు ఇంకో ఉదాహరణ. నాయకులు, డబ్బున్నవాళ్లు విదేశీ కంపెనీల చాటున ఆస్తులు దాచిన సంగతి చెప్పే కాగితాలవి. 2016 ఏప్రిల్‌లో ఒక్కసారే ప్రపంచమంతటా బయటపడ్డాయి, 1.15 కోట్ల పత్రాలు. చాలాచోట్ల నాలుగు రోజుల వార్త. ఐస్‌లాండ్‌లో మాత్రం వేలమంది పార్లమెంటు ముందుకొచ్చి నిలబడ్డారు, రెండు మూడు రోజుల్లోనే ప్రధాని తప్పుకుంటున్నట్టు ప్రకటించాడు. అక్కడ 2008లో బ్యాంకులు కూలిన గాయం ఇంకా మానలేదు. పైగా ఆ ప్రధాని ఇంటర్వ్యూ మధ్యలో ప్రశ్న ఎదురవగానే కుర్చీలోంచి లేచి వెళ్లిపోయిన వీడియో అందరూ చూశారు. కోటి కాగితాలు చేయలేని పని, లేచి వెళ్లిన ఆ కొన్ని క్షణాలు చేశాయి. వెళ్లి నిలబడటానికి ఒక చోటు కూడా దగ్గర్లోనే ఉంది. ఏం చేయాలో తెలిసినప్పుడు నమ్మడం తేలిక. ఏమీ చేయలేం అనిపించినప్పుడు నమ్మడం నొప్పి, అందుకే పేజీ తిప్పేస్తాం.

ఇక నా సొంత సంగతి చెప్పాలి. ఈ ఆట ఆడినప్పటినుంచి అది మనసులో మెదులుతూనే ఉంది.

వరదల తర్వాత ఒకరోజు మా డెస్క్‌కి ఒక ఉత్తరం వచ్చింది. రూళ్ల కాగితాలు అయిదు, నీలం సిరా, రెండు వైపులా రాసినవి. పరిహారం జాబితాలో చనిపోయినవాళ్ల పేర్లు ఉన్నాయని, ఆ డబ్బు ఒక నాయకుడి మనుషులకి చేరుతోందని రాశాడాయన. 43 పేర్లు, ఎదురుగా తండ్రి పేరు, ఎవరు ఏ ఏడు పోయారో. మధ్యలో రెండు పేర్లు కొట్టేసి, మార్జిన్‌లో "వీళ్లు బతికే ఉన్నారు, పొరపాటున రాశాను, క్షమించండి" అని ఉంది. ఫోటో లేదు. ఏ అధికారి మాటా లేదు. నేను మొదటి పేజీ చదివి, రెండో పేజీలో పేర్లు మొదలవగానే కళ్లు వేగంగా దించేసి, ట్రేలో పెట్టాను. ట్రేలో నుంచి అది కట్టలోకి, కట్టలోంచి అటక మీదికి వెళ్లింది.

అదే వారం మరో నాయకుడు వరద బాధితుల మధ్య నవ్వుతున్న ఫోటో ఒకటి మాకు చేరింది. చూడగానే ఒళ్లు మండింది. ఎడిషన్ టైం దగ్గరపడింది, మొదటి పేజీకి శీర్షిక నేనే పెట్టాను. ఆ ఫోటో రెండేళ్ల కిందటి వేరే సందర్భానిదని మర్నాడు తేలింది, సవరణ లోపలి పేజీలో నాలుగు లైన్లలో వేశాం. ఉత్తరంలోని సంగతి నిజమేనని రెండేళ్ల తర్వాత ఆడిట్‌లో తేలింది.

ఇన్నాళ్లూ దాన్ని పని ఒత్తిడి అనుకున్నాను. అది ఒత్తిడి ఒక్కటే కాదు. ఫోటోని నమ్మితే నేను చేయాల్సింది శీర్షిక పెట్టడం. ఉత్తరాన్ని నమ్మితే 43 ఇళ్లకి ఎవరినైనా పంపాలి, ఆ నాయకుడి మనుషులకి ఎదురు నిలబడాలి, పైవాళ్లతో గొడవపడాలి. నా మనసు ఆ లెక్క ఒక్క క్షణంలో వేసుకుంది, నాకు చెప్పకుండానే. పైగా తన పొరపాటు తానే దిద్దుకున్న ఆ మార్జిన్ మాట, ఆయన ఎంత జాగ్రత్తపరుడో చెప్పే అతి పెద్ద ఆధారం. అప్పుడు నాకు అది "ఈయనకే సరిగా తెలియదు" అని పక్కన పెట్టడానికి సాకుగా పనికొచ్చింది.

ఆట పనిచేస్తుందా అని అడిగేవాళ్లకి: ఆడినవాళ్లు తప్పుడు పోస్టుల్ని తక్కువగా నమ్ముతున్నారని, సుమారు 15,000 మంది ఆటగాళ్ల సమాచారంతో దాని రూపకర్తలు 2019లో చూపించారు. 2023లో వేరే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి ఆటల ఫలితాల్ని మళ్లీ లెక్కగట్టి, ఆడినవాళ్లకి నిజాన్నీ అబద్ధాన్నీ వేరుచేసే చూపు మెరుగవడం కంటే, అన్నింటినీ అనుమానించే ధోరణి పెరుగుతోందని వాదించారు. నాన్నని చూశాక ఈ రెండో మాటని తేలిగ్గా తీసేయలేను. ఆట ఆడిన మర్నాడు పేపర్లో ఒక అవినీతి వార్త, పేర్లతో, పత్రాలతో సహా వచ్చినది చదివి, "ఇది కూడా ఎవడో బ్యాడ్జీ కోసం రాసుంటాడు" అన్నారు. నాకు గుండె జారినట్టయింది. అన్నిటినీ అనుమానించేవాడు అబద్ధాలకోరుకి అడ్డం కాదు. వాడికి కావలసినవాడు అతనే. ఆ వార్తని నాన్న పక్కన కూర్చుని మళ్లీ చదివాం. ఏ పత్రం, ఎవరి సంతకం, ఆరోపణ ఎదుర్కొన్నవాళ్లు ఏ మాటకి జవాబు చెప్పారు, ఏ మాటని దాటేశారు. పావుగంట పట్టింది, ఆట ఆడినంత సేపే.

కాబట్టి నా సలహా ఇది. ఈ ఆట తప్పకుండా ఆడండి. ఒంటరిగా కాదు, మీతో రాజకీయంగా ఏకీభవించని మనిషితో కూర్చుని ఆడండి. ఏ ఆప్షన్ ఎవరికి నమ్మబుద్ధవుతుందో పక్కనే కూర్చుంటే తెలుస్తుంది. పిల్లలకి చూపించే పెద్దవాళ్లు ఆట అయిపోగానే ఒక నిజమైన వార్త కూడా పక్కన పెట్టి చదివించండి. అయిదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఆ అయిదో స్టార్ నేను అటక మీద పెట్టిన ఉత్తరం లాంటివాటిది. వాటి గురించి ఎవరైనా ఆట తయారుచేస్తే మొదట ఆడేది నేనే.

మొన్న నాన్న మళ్లీ ఆడతానన్నారు. ఈసారి నిజాయితీగా ఉన్న ఆప్షన్లే నొక్కమన్నారు. నొక్కాను. ఫాలోవర్లు తగ్గారు, ఇంకోసారి తగ్గారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, కాసేపు ఆ అంకెనే చూసి, "ఆ ఉత్తరం రాసినాయనకి జవాబు రాశావా?" అని అడిగారు.

"లేదు నాన్నా."

"అడ్రస్ ఉందా?"

చివరి కాగితం కింద ఉండేది. అయిదు కాగితాలూ చదివితే కనిపించేది.